బీ450 బోర్డు, 450 వాట్ల ఎస్ఎంపీఎస్, నల్లగొండ ఎండ: ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీనా, 4060నా?

తమ్ముడూ, ముందు నువ్వు అడిగింది ఒకసారి ఇక్కడ పెడత, వెనుక చదివేటోళ్లకు కూడా అర్థమైతది. ఇల్లు నల్లగొండ రామగిరి. ప్రాసెసర్ రైజెన్ 5 3600, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, పాత గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1050 టీఐ, పేరున్న కంపెనీ 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (అన్నిటికీ కరెంటిచ్చే డబ్బా), 1080పీ 144 హెర్ట్జ్ మానిటర్. ఎక్కువ ఆడేది వాలరెంట్, జీటీఏ 5. సైబర్‌పంక్ 2077 మంచిగ ఆడాలని కోరిక. మీ అన్న పెండ్లి వీడియోలు ఎడిట్ చేస్తడు, నువ్వు బ్లెండర్ నేర్చుకుంటున్నవ్. షాపులో రెండు కొత్త గ్రాఫిక్స్ కార్డులు చూపించిన్రు, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, 4060 8 జీబీ, రెండూ కొత్తవే, ధర దగ్గర దగ్గరనే. దోస్తుల్లో సగం మంది 12 జీబీ అంటున్నరు, సగం మంది కొత్త జనరేషన్ తీస్కో అంటున్నరు.

నా జవాబు 4060. కాని దోస్తులు చెప్పిన కారణానికి కాదు. 3060 తీస్కోమన్నోళ్లు చెప్పే మాటలో కూడా నిజం ఉంది, నీ బోర్డు మీద ఆ నిజం ఇంకా ఎక్కువ. పాలమూరులో సిస్టమ్‌లు అసెంబుల్ చేస్తుంట, ఈ రెండు కార్డులూ నా చేతి మీదుగా మస్తు పోయినయి. కార్డును కార్డుతో పోల్చి కొనుక్కపోయినోళ్లే తర్వాత ఎక్కువ ఇబ్బంది పడుతున్నరు. బోర్డుతో, ఎస్ఎంపీఎస్‌తో, ఇంట్లో కరెంటుతో పోల్చి చూడాలె.

ముందు కాగితం మీద లెక్క. 3060 2021 ఫిబ్రవరిలో వచ్చింది, అమెరికాలో విడుదల ధర 329 డాలర్లు. 4060 2023 జూన్ చివర్లో 299 డాలర్లకు వచ్చింది. 3060లో క్యూడా కోర్లు (లెక్కలు చేసే చిన్న చిన్న యూనిట్లు) 3584, 4060లో 3072 మాత్రమే. మెమరీ దారి 3060కి 192 బిట్, సెకనుకు 360 జీబీ. 4060కి 128 బిట్, 272 జీబీ. ఈ అంకెలు చూస్తే పాతదే గెలవాలె. కాని ఆటలో 4060 ముందుంటది. 3060 శాంసంగ్ 8 నానోమీటర్ల పద్ధతిలో తయారైంది, కంపెనీ రాసిన బూస్ట్ క్లాక్ (చిప్ నడిచే వేగం) 1.78 గిగాహెర్ట్జ్. 4060 టీఎస్ఎంసీ తయారీ, దానికి 2.46. పైగా చిప్ లోపలనే ఉండే చిన్న మెమరీ, ఎల్2 క్యాష్, 3060కి 3 ఎంబీ అయితే 4060కి 24 ఎంబీ. మాటిమాటికీ బయటి మెమరీ దాకా పోవాల్సిన పని తగ్గింది కాబట్టి సన్న దారితోనే నెట్టుకొస్తది. 1080పీలో సగటున 15 నుంచి 20 శాతం వరకు 4060 ముందుంటదని లెక్కేసుకో. 1440పీకి పోతే ఆ తేడా కొంచెం తగ్గుతది.

ఇగ అసలు సంగతి. ఈ 15, 20 శాతం అన్నది కార్డు మెమరీ నిండనంత వరకే. యూట్యూబ్ వీడియోలో రెండు కార్డులు పక్కపక్కన పెట్టి, సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తయో చెప్పే సగటు ఎఫ్‌పీఎస్ చూపిస్తరు. సగటు కింద "1% లో" (low, అంటే అన్నిటికంటే మెల్లగ వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం) అని ఇంకో అంకె ఉంటది, నువ్వు చూడాల్సింది అది. సగటు 70 ఉండి 1% లో 55 ఉంటే ఆట సాఫీగ పోతది. సగటు 75 ఉండి 1% లో 20 ఉంటే బండి మలుపు తిరిగిన ప్రతిసారి తెర పట్టేస్తది. 8 జీబీ నిండినప్పుడు జరిగేది ఈ రెండోది.

కార్డు మెమరీలో చోటు లేకపోతే టెక్స్చర్లు (ఆటలో గోడలు, బండ్ల మీద అతికించే బొమ్మలు) నీ మామూలు ర్యామ్‌లోకి పోతయి, కావాల్సినప్పుడల్లా పీసీఐ స్లాట్ గుండా వెనక్కి రావాలె. సీజన్‌లో మిర్యాలగూడ మిల్లుల కాడ యార్డు నిండి వడ్ల ట్రాక్టర్లు రోడ్డు మీద ఆగిపోవుడు చూసే ఉంటవ్, అట్లనే. అప్పుడు ఆ రోడ్డు ఎంత వెడల్పు అన్నదే ముఖ్యం. 3060కి 16 లేన్లు, 4060కి 8 లేన్లే. కొత్త బోర్డులో పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 ఉంటే 8 లేన్ల మీద కూడా సెకనుకు దాదాపు 16 జీబీ పోతది. నీ బీ450 బోర్డు 3.0. అదే 4060 నీ స్లాట్‌లో కూసుంటే సెకనుకు 8 జీబీనే. 3060కి 16 లేన్లు కాబట్టి నీ బోర్డు మీద కూడా 16 జీబీ వస్తది. నీ 3600 ప్రాసెసర్‌కు 4.0 శక్తి ఉన్నా బోర్డు ఇయ్యదు. ఇంకో మాట, బీ550 బోర్డు ఉండి 5600జీ ప్రాసెసర్ పెట్టుకున్నోళ్లు కూడా జాగ్రత్త, ఆ ప్రాసెసర్ 3.0 వరకే.

మెమరీ నిండనప్పుడు ఈ 3.0 వల్ల 4060 పోగొట్టుకునేది కొన్ని శాతమే, ఆడేటప్పుడు కంటికి ఆనదు. నిండినప్పుడు మాత్రం 4.0 బోర్డు మీద కంటే నీ బోర్డు మీద దెబ్బ గట్టిగ తగులుతది. అందుకే "బీ450 ఉందా, అయితే 3060 12 జీబీ తీస్కో" అనే మాట పుట్టింది. అది ఉత్త మాట కాదు. 2023 మార్చిలో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు 8 జీబీ కార్డులన్నీ తిప్పలు పడ్డయి. ఆ తర్వాత అప్‌డేట్లతో బాగైంది గాని, దారి ఎటు పోతుందో అప్పుడే తెలిసిపోయింది.

మరి నీకు 4060 ఎందుకు చెప్తున్న? నువ్వు ఆడే ఆటలు చూసి. వాలరెంట్ 8 జీబీలో సగం కూడా ముట్టదు. అక్కడ రెండు కార్డులూ ఒకటే, ఆగేది నీ ప్రాసెసర్ దగ్గర. జీటీఏ 5 పాతది కూడా అంతే. సైబర్‌పంక్ ఒక్కటే బరువైన ఆట. 1080పీలో రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలు నిజంలాగ లెక్కేసే సెట్టింగ్) లేకుండ హై సెట్టింగ్స్ పెడితే 8 జీబీలో సరిపోతది. రే ట్రేసింగ్ పెట్టి, దాని మీద ఇంకా బరువైన పాత్ ట్రేసింగ్, దాని మీద ఫ్రేమ్ జనరేషన్ (అదేందో కింద చెప్త) పెడితే 8 జీబీ చాలదు. అయితే పాత్ ట్రేసింగ్‌కు 3060 బలమే చాలదు, 12 జీబీ ఉండి కూడా అక్కడ అది నిలవలేదు. అంటే నీ లిస్టులో మెమరీ గెలిపించే ఆట ప్రస్తుతానికి లేదు.

టెక్స్చర్లు అల్ట్రా బదులు హై పెట్టు. 1080పీ మానిటర్ మీద ఆ తేడా పోస్టర్ దగ్గర ఆగి చూస్తే తప్ప తెల్వదు. ఆఫ్టర్‌బర్నర్‌లో (కార్డు వేడి, వేగం చూపించే, మార్చే సాఫ్ట్‌వేర్) మెమరీ 7 జీబీ దాటిందని చూసి భయపడకు, ఆట ముందుగ పట్టి పెట్టుకున్న చోటు కూడా అందులో కలుస్తది, అంతా వాడుతున్నట్టు కాదు. ఫ్రేమ్ టైమ్ గీత చూడు. అది మట్టసంగ పోతుంటే ఏం ఫికర్ లేదు, సూదుల్లాగ లేస్తుంటే టెక్స్చర్ ఒక మెట్టు దించు. ఆడేటప్పుడు క్రోమ్‌లో పది ట్యాబ్‌లు తెరిచి పెట్టుకోవుడు బంద్ చెయ్, బ్రౌజర్ కూడా కార్డు మెమరీ తింటది.

ఫ్రేములు పెంచే ఎన్విడియా సాఫ్ట్‌వేర్ డీఎల్ఎస్ఎస్ గురించి షాపోళ్లు సగం సగం చెప్తరు. చిన్న రిజల్యూషన్‌లో గీసి పెద్దగ చేసే అప్‌స్కేలింగ్ రెండు కార్డుల మీదా నడుస్తది. 2025 జనవరిలో వచ్చిన డీఎల్ఎస్ఎస్ 4లోని కొత్త అప్‌స్కేలింగ్ మోడల్ కూడా 3060కి వస్తది. 4060కి మాత్రమే ఉండేది ఎన్విడియా ఫ్రేమ్ జనరేషన్, అంటే రెండు ఫ్రేముల నడుమ ఇంకో ఫ్రేమ్ తానే తయారు చేసి పెట్టుడు. షాపు ముందటి బోర్డు మీద "రెండింతల ఎఫ్‌పీఎస్" అని రాసేది దీన్ని చూసే. అది తెర మీద సాఫీగ కనబడతది గాని మౌస్ స్పందన పెరగదు, పైగా కొంచెం వెనుకబడతది. ముందే 50, 60 ఫ్రేములు వస్తుంటే అది బాగుంటది, 25 వస్తుంటే అది పెట్టినా ఆట బురదలో నడిచినట్టే. సైబర్‌పంక్‌కు వాడుకో, వాలరెంట్ లాంటి వాటికి దాని ఊసే అక్కర్లేదు. ఏఎండీ వాళ్ల ఎఫ్ఎస్ఆర్ 3 ఫ్రేమ్ జనరేషన్ ఉన్న ఆటలైతే 3060 మీద కూడా నడుస్తయి. కాబట్టి దీన్ని చూసి 4060 కొనకు, దొరికితే సంతోషం అనుకో.

ఇగ మన దిక్కు సంగతి. నాకు 4060 వైపు మనసు మొగ్గింది ఇక్కడనే. 3060 నిండుగ నడిస్తే 170 వాట్లు తీస్కుంటది, 4060 115 వాట్లు. 55 వాట్ల తేడా. హైదరాబాద్ ఏసీ రూములో కూసోని రివ్యూ రాసేటోనికి అది చిన్న సంగతి. మే నెలలో నల్లగొండ 44, 45 డిగ్రీలు చూస్తది, రేకులో స్లాబో ఏదైనా పై అంతస్తు రూములో సాయంత్రం ఏడింటికి కూడా 38, 40 ఉంటది. రూములో గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే కార్డు కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతది. 25 డిగ్రీల రూములో 65 చూపించే కార్డు నీ ఇంట్లో 80 చూపిస్తది. ఫ్యాన్లు మోత మోగుతయి, క్లాక్ తగ్గుతది, ఆ వేడంతా మళ్లీ నీ రూములోకే వస్తది. 3060 కొన్నా ఒక మార్గం ఉంది, ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి దించితే 136 వాట్ల దగ్గర ఆగుతది, వేగం పోయేది కొంచెమే. ఎండాకాలం మూడు నెలలు అట్ల నడుపుకోవచ్చు.

ఎయిర్ కూలర్ గాలి నేరుగ క్యాబినెట్‌కు తగిలేటట్టు మాత్రం పెట్టకు. మన దిక్కు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ తడి గాలి, దానికి తోడు దుమ్ము, రెండూ కలిసి కార్డు మీద పొర కడతయి. ఎండాకాలం దాటినంక రిపేరుకు వచ్చే కార్డుల మీద ఆ తెల్లటి మరకలు బాగ కనబడతయి. కూలర్ కిటికీ దగ్గర పెట్టి, క్యాబినెట్ దానికి ఎదురుగ కాకుండ పక్కకు జరుపు.

కరెంటు బిల్లు లెక్క కూడా చూద్దాం. రోజుకు నాలుగు గంటలు ఆడితే 55 వాట్ల తేడా నెలకు ఆరున్నర యూనిట్లు అయితది. యూనిట్ 8 రూపాయల లెక్కన చూసినా యాభై చిల్లర. దాని కోసం కార్డు మార్చనక్కర్లేదు. కాని మీ ఇంటికి గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తుంటే జర ఆలోచించు. 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలె. ఎండాకాలం కూలర్లు, ఫ్రిజ్ నడిచి 190 కాడికి వచ్చే ఇంట్లో నీ సిస్టమ్ మొత్తం తినే యూనిట్లు లెక్కలోకి వస్తయి, ఆ ఆరున్నర కూడా.

యూపీఎస్ ఉందో లేదో నువ్వు రాయలేదు. ఇండ్లలో ఎక్కువ ఉండేది 600 వీఏ, అది మోసేది 360 వాట్ల లోపు. 3060, 3600, మానిటర్ అన్నీ నిండుగ నడిచేటప్పుడు కరెంటు పోతే అది టక్కున ఆగిపోయే ప్రమాదం ఉంది. 4060తో అయితే కొంత చోటు మిగుల్తది. మరో సంగతి, క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుందా? అంటే ఎర్తింగ్ సరిగ లేనట్టు. ఎండాకాలం నేల ఎండిపోయి ఎర్త్ గుంత పని చెయ్యదు, అందులో నీళ్లు పోస్తుండాలె. కొత్త కార్డు పెట్టకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించు.

ఎస్ఎంపీఎస్ ముచ్చట. ఎన్విడియా రెండు కార్డులకూ 550 వాట్లు ఉండాలని చెప్తది. ఎవరి దగ్గర ఏ నాసిరకం ఉంటదో అని కొంచెం ఎక్కువ రాస్తరు. పేరున్న 450 వాట్ల మీద 3600తో కలిపి 4060 నిశ్చింతగ నడుస్తది. 3060 కూడా నడుస్తది గాని అంచు మీద. ఒకటి గుర్తు పెట్టుకో, నీ 1050 టీఐ 75 వాట్ల కార్డు, మామూలుగ దానికి వేరే వైరు అక్కర్లేదు, స్లాట్ నుంచే తీస్కుంటది. కాబట్టి నీ ఎస్ఎంపీఎస్‌కు ఉన్న 6+2 పిన్ వైరు నువ్వు ఇప్పటిదాకా వాడి ఉండవు. అది ఉందా లేదా ఇప్పుడే క్యాబినెట్ తీసి చూడు. లేకపోతే మోలెక్స్ (పాత రకం 4 పిన్ వైరు) నుంచి 8 పిన్‌కు కన్వర్టర్ ఇస్తమని షాపులో అంటరు. వద్దు. ఆ సన్న వైర్లు కాలిపోయిన కేసులు చూసిన. ఎస్ఎంపీఎస్ మార్చు, కన్వర్టర్ మాత్రం పెట్టకు.

బ్లెండర్, ఎడిటింగ్ సంగతికి వస్తే, సీన్ మెమరీలో పట్టినంత వరకు బ్లెండర్‌లోని సైకిల్స్ రెండరింగ్ (సీన్‌ను చివరి బొమ్మగ తయారు చేసుడు) 4060 మీద స్పష్టంగా తొందరగ అయితది. పట్టకపోతే రెండర్ మెల్లగైతది లేదంటే మెమరీ చాలదని ఆగిపోతది. నేర్చుకునే దశలో 8 జీబీ నిండదు. రేపు దాన్నే పనిగ పెట్టుకొని, పెద్ద పెద్ద సీన్లు, చెట్లు, 4కే టెక్స్చర్లు వాడతానంటే నా జవాబు మారుతది, అప్పుడు 3060 12 జీబీనే. మీ అన్నకు 4060 ఇచ్చే ఎక్కువ లాభం ఏవీ1 (వీడియో సైజు బాగ తగ్గించే కొత్త ఫార్మాట్) ఎన్‌కోడర్, 3060 ఏవీ1 వీడియో చూపించగలదు గాని తయారు చెయ్యలేదు. అయితే కొత్త కెమెరాల 4:2:2 10 బిట్ (రంగుల వివరం ఎక్కువుండే) ఫుటేజ్ టైమ్‌లైన్ మీద ఆగి ఆగి నడుస్తుందని ఆయన బాధైతే, ఈ రెండిట్లో ఏదీ మందు కాదు. ఆ డీకోడింగ్ ఎన్విడియాలో 50 సిరీస్‌తోనే వచ్చింది. ప్రాక్సీలు (చిన్న సైజు నకలు వీడియోలు) చేసుకొని ఎడిట్ చేసుకుంటే ఏ కార్డైనా నడుస్తది.

ఆ రెండే ఎందుకు, వేరేవి లేవా అని అడిగేటోళ్లకు: 5060 2025 మేలో వచ్చింది, 4060 కంటే వేగం ఎక్కువే, మెమరీ మాత్రం మళ్లీ 8 జీబీ, మళ్లీ 8 లేన్లే. 4060 ధరకే దొరికితే అదే తీస్కో, 145 వాట్లు. ఇంటెల్ బీ580లో 12 జీబీ ఉంది గాని దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద బరువు వేస్తది, 3600 లాంటి పాత ప్రాసెసర్ మీద దాని బలం పూర్తిగ బయటికి రాదు. ఏఎండీ 9060 ఎక్స్‌టీ 16 జీబీది 16 లేన్లు, 160 వాట్లు. ఉత్త ఆటలకే అయి, ఇంకొన్ని పైసలు పెట్టగలిగితే బీ450 బోర్డుకు అన్నిటికంటే సరైన కార్డు అదే. నీకు బ్లెండర్ ఉంది కాబట్టి ఎన్విడియా దాటి పొమ్మని చెప్పలేకపోతున్న.

కొనేటప్పుడు 3060 వైపే పోతే ఒక మోసం తెలుసుకో. 2022 చివర్లో అదే 3060 పేరుతో 8 జీబీ కార్డు వచ్చింది. కోర్లు అవే, మెమరీ దారి 128 బిట్, సెకనుకు 240 జీబీ. అది 12 జీబీ దాని కంటే బాగ వెనుకబడతది. డబ్బా మీద 12 జీబీ అని కండ్లారా చూసి తీస్కో, ఇంటికి వచ్చినంక జీపీయూ-జెడ్‌లో 192 బిట్ అని ఉందో లేదో చూడు. సెకండ్ హ్యాండ్‌ది చవకగ వస్తుందంటే అది మైనింగ్‌లో (క్రిప్టో నాణేల కోసం రాత్రింబగళ్లు నడుపుడు) తిరిగిందేమో అనుకోవాలె. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో నాణెం పద్ధతి మారినంక కార్డులతో మైనింగ్ గిట్టుబాటు కాక గుట్టలుగుట్టలు మార్కెట్లోకి వచ్చినయి. మైనింగ్‌లో తిరిగినదంతా చెడ్డది కాదు. అమ్మేటోని ముందే అరగంట స్ట్రెస్ టెస్ట్ పెట్టు, ఫ్యాన్ బేరింగ్ చప్పుడు విను, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగుండే చోటు) ఉష్ణోగ్రత మామూలు దాని కంటే ఎంత పైన ఉందో చూడు. 25 డిగ్రీల పైన తేడా ఉంటే చిప్ మీద వేడి లాగే థర్మల్ పేస్ట్ ఎండిందన్నట్టు. బిల్లు లేకుంటే వారంటీ మీద ఆశ పెట్టుకోకు.

కొత్తదానికి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) దాకా పోవుడు మంచిదే. ఎల్బీ నగర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కితే అయిపోతది. రెండు మూడు షాపులు అడుగు, ధరలు వారం వారం మారతయి. జీఎస్టీ బిల్లు మీద కార్డు సీరియల్ నంబర్ రాయించుకో. బిల్లు లేకుండ తగ్గిస్తనంటే వద్దను, కార్డు చెడితే సర్వీస్ సెంటర్‌కు మళ్లీ హైదరాబాద్ పోవాల్సింది నువ్వే.

కార్డు ఒక్కటే చూడకు, ముందు ర్యామ్. 16 జీబీ ఒకటే స్టిక్ మీద నడపకు, వాలరెంట్‌లో నీకు ఫ్రేములు పడిపోతున్నయంటే అందులో దాని వాటా పెద్దది. అదే స్పీడ్‌ది ఇంకో 16 పెట్టి డ్యూయల్ ఛానెల్ చేసి, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్. ఇది కార్డు కంటే ముందే చెయ్యమని నా మాట. మెమరీ నిండి ర్యామ్‌కు పోయినప్పుడు కూడా ఇది ఆదుకుంటది. తర్వాత ఎప్పుడన్న రైజెన్ 5 5600 దొరికితే, బయోస్ అప్‌డేట్ చేసి నీ బోర్డు మీదనే పెట్టుకోవచ్చు. వాలరెంట్‌కు 3060 నుంచి 4060కి పోవుడు కంటే ఆ మార్పు ఎక్కువ కనబడతది.

బిగించేటప్పుడు ముందు పాత డ్రైవర్‌ను డీడీయూ అనే సాఫ్ట్‌వేర్‌తో తీసెయ్, కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, కార్డు కింది క్లిప్ టక్కుమనేదాక నొక్కు, స్క్రూ బిగించు, 8 పిన్ వైరు పూర్తిగ దిగేదాక పెట్టు. డిస్‌ప్లే పోర్ట్ కేబుల్ కొత్త కార్డుకు పెట్టి, విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 144 హెర్ట్జ్ ఎంచుకో. కార్డు మార్చినంక అది 60కి పడిపోతది చాలాసార్లు, నెలల తరబడి అట్లనే ఆడుకునేటోళ్లు ఉన్నరు. ఇవన్నీ అయినంక సైబర్‌పంక్‌లో ఉన్న బెంచ్‌మార్క్ నడిపి, సగటు, కనిష్ఠం రెండు అంకెలూ, కార్డు ఉష్ణోగ్రత, రూములో అప్పుడెంత వేడి ఉందో ఇక్కడ పెట్టు, ఇంకా ఏమన్న సెట్టింగ్ దించాల్నో అది చూసి చెప్త.